మెతూషెల యేండ్లు

పెదకూరపాడు వంటి పల్లెలలో ముసలివారిని వయస్సెంతయని అడిగి చూడుము. సంవత్సరము చెప్పువారు తక్కువ. "దివిసీమ ఉప్పెననాటికి నాకు ఇద్దరు బిడ్డలు" అందురు. ఆ ఉప్పెన 1977లో వచ్చినది గనుక మిగిలిన లెక్క మనము కట్టుకొందుము. ఆదికాండము 5వ అధ్యాయములో చిక్కు వేరు. అచ్చట అంకెలు స్పష్టముగానే యున్నవి: ఆదాము 930 ఏండ్లు, యెరెదు 962, మెతూషెల 969. "ఇది నమ్మవచ్చునా?" అని చదువుకొన్న మన పిల్లలు అడిగినయెడల వారిమీద కోపపడుట తగదు.

సంవత్సరమనగా నెలయే యని చెప్పి కొందరు తప్పించుకొందురు. అట్లయిన మెతూషెల ఎనుబదియేండ్ల వృద్ధుడగును, బాగుగనే యున్నది. గాని మహలలేలు 65 ఏండ్లకు యెరెదును కనెను. ఆ లెక్కన అయిదేండ్ల పసివాడు తండ్రియాయెననవలెను! ఈ ఉపాయము మనకు వద్దు.

మీరే కాగితముమీద వేసి చూడుడి. మెతూషెల 187 ఏండ్లకు లెమెకును, లెమెకు 182 ఏండ్లకు నోవహును కనిరి. నోవహు 600వ యేట జలప్రళయము వచ్చెను. మూడును కూడగా 969. అనగా ప్రళయము వచ్చిన యేడే మెతూషెల మృతినొందెను. మన బైబిలులోనున్న ఈ లెక్క హెబ్రీ ప్రతిది. పూర్వపు గ్రీకు ప్రతులు కొన్నిటిలో 187కు బదులు 167, 182కు బదులు 188 ఉండుటచేత, అతడు ప్రళయము గడచి 14 ఏండ్లు బ్రదికినట్లు తేలుచున్నది. ఓడలోనివారు ఎనిమిదిమందియే గదా, మరి అతడెక్కడ నుండెను? అగస్టీను భక్తుడు తన 'దేవుని పట్టణము' అను గ్రంథములో దీనిని విచారించి, మూలభాషనే నమ్మవలెనని తలంచెను. సమరయుల ప్రతిలోనైతే మెతూషెలకు 720 ఏండ్లే. కాబట్టి ఈ ప్రశ్న నేటి కాలేజీ పిల్లలతో పుట్టలేదు. లేఖనమును చేతితో వ్రాసి కాపాడినవారును దీనితో పెనుగులాడిరి.

సుమేరు దేశపు మట్టి పలకలమీద ప్రళయమునకు ముందటి రాజుల పట్టీ యొకటి దొరికినది. మొదటి రాజు అలులిము 28,800 ఏండ్లు ఏలెనట! ఎనిమిదిమందికి కలిపి 241,200. అన్నియు అరువదులతో కట్టిన లెక్కలే. ప్రభవాది అరువది సంవత్సరములెరిగిన మనకు అది వింత కాదు. రాముడు పదకొండువేలేండ్లు ఏలెనని రామాయణమును చెప్పుచున్నది. రాజులను ఘనపరచుటకు పూర్వులు ఏండ్లను పెంచుట కలదు. ఆదికాండపు పట్టీలోనివారు రాజులు కారు. వారిలో ఒక్కడును వెయ్యి ముట్టలేదు. హనోకు తప్ప ప్రతివాని చావును అందు వ్రాయబడినది. అవి మన యేండ్ల వంటివేనా, పితరుల ఘనతను తెలుపు లెక్కయా అనుటలో భక్తులే ఏకాభిప్రాయులు కారు. నా మట్టుకు, పిల్లవాడు అడిగినప్పుడు ఈ సంగతులన్నియు దాచక చెప్పుదును.

తరువాతి తరములలో ఆయువు తగ్గుచు వచ్చెను. అబ్రాహాము 175 ఏండ్లు బ్రదికెను. యాకోబు 130వ యేట ఫరో యెదుట నిలిచి, తన పితరుల యేండ్లతో చూడగా తన దినములు కొద్దివనియు కష్టమైనవనియు చెప్పుకొనెను.