సంతాన మనోవర్తి: కాలపరిమితి
విడాకులతో దాంపత్యం ముగిసినా బిడ్డల పోషణ బాధ్యత ముగియదు. 1955 నాటి హిందూ వివాహ చట్టం 26వ సెక్షన్ కింద మైనరు పిల్లల పోషణకు, చదువుకు కోర్టు ఇప్పించే మనోవర్తి, అనగా జీవన భృతి, సాధారణంగా వారికి 18 ఏళ్లు నిండేవరకు సాగుతుంది. శారీరక, మానసిక వైకల్యం వల్ల తమను తాము పోషించుకోలేనివారికి, వివాహిత కుమార్తెకు తప్ప, మేజర్లయ్యాక కూడా మనోవర్తి హక్కు ఉంటుంది.

చిక్కంతా అవివాహిత కుమార్తె విషయంలోనే: 2024 వరకు అమల్లో ఉన్న క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 125వ సెక్షన్ కింద మైనారిటీతోనే ఆగిపోయిన భృతిని, సొంత సంపాదన గానీ ఆస్తి గానీ లేని హిందూ యువతి 1956 నాటి హిందూ దత్తత, మనోవర్తి చట్టం 20(3) కింద పెళ్లయ్యేదాకా కోరవచ్చునని సుప్రీంకోర్టు 2020లో స్పష్టం చేసింది. ఇంజనీరింగు మధ్యలో ఉన్న కొడుక్కి ఆ చట్టంలో అటువంటి ఆసరా లేకపోవడం లోటే. కొన్ని కేసుల్లో మాత్రం కోర్టులు డిగ్రీ పూర్తయ్యేవరకు ఖర్చులు ఇప్పించాయి.