కలకత్తాలో బాలికల బడి దుస్తులు

యూనిఫారమను మాటను తెలుగు చేయవలసి వచ్చినపుడెల్ల నాకొక చిక్కు కలుగుచుండును. హిందీలో వర్దీ యన్నచో కనులయెదుట పోలీసు జవాను నిలుచును; బడిపిల్లల విషయమున గణవేశ్ అని వాడుకొందురు. మనము ఏకరూప దుస్తులు అనుచున్నాము. మాటకు మాట సరిపోయినది కాని అర్థము సరిపోలేదు. ఏ పాఠశాలనైనను చూడుడు: అక్కడ రూపము ఒకటి కాదు, రెండు. బాలుర దుస్తులను గూర్చి నియమావళిలో ఒక పంక్తి చాలును. బాలికలకు వచ్చుసరికి పొడవు, మడత, పైట, పిన్నీసు, జడ, రిబ్బను అనుచు పేరా నిండిపోవును. ఈ వ్యత్యాసము నేటిది కాదు. 2001 నుండి కోల్‌కతా యని వ్యవహరింపబడుచున్న కలకత్తా నగరమున దీని పుట్టుకను దాదాపు దశాబ్దము వెంట దశాబ్దముగా చూడవచ్చును.

1849 మే 7వ తేదీన డ్రింక్‌వాటర్ బెత్యూన్ దొర 21 మంది బాలికలతో ఆ నగరమున ఒక పాఠశాలను తెరచెను. పండితుడైన మదనమోహన తర్కాలంకారుడు తన ఇద్దరు కుమార్తెలను ఆ బడికి పంపి, అందుకు ఫలితముగా తన గ్రామమువారి వెలికి గురియయ్యెను. పిల్లలను ఇంటినుండి తెచ్చుటకు బండి ఏర్పాటయ్యెను. కన్యను కూడ పెంచి శ్రద్ధతో చదివింపవలెనను తాత్పర్యము గల సంస్కృత వాక్యమును ఆ బండిపై వ్రాయించిరి. వీధిలో పోవు ఛాందసులకు శాస్త్రముతోనే సమాధానము చెప్పవలెనను యుక్తి అది.

ఆనాటి పిల్లలు ఏమి ధరించిరను ప్రశ్న పెద్దగా పుట్టలేదు. పుట్టకపోవుటకు కారణము విచారకరమైనది. పది పండ్రెండేండ్లు నిండకముందే పెండ్లియై బడి మానెడివారు. పసిపిల్ల కట్టిన బట్టను ఎవరు పట్టించుకొందురు? 1872 నాటి వివాహశాసనము దాని క్రింద పెండ్లాడు కన్యకు 14 ఏండ్ల కనీస వయస్సును విధించెను. బ్రాహ్మ సమాజ కుటుంబములలో పెద్ద బాలికలు చదువసాగిరి. అప్పుడు చిక్కు వచ్చినది. బంగాళపు గృహిణి అంతఃపురమున ధరించునది ఒకే ఒక్క సన్నని చీర. లోపల లంగా లేదు, పైన రవిక లేదు. ఇంటిలో గాలికిని వేడికిని అది హాయియే. ఆ వేషముతో నలుగురిలోనికి వచ్చుట మాత్రము సాధ్యము కాదు. అందుచే బట్ట లేకపోవుటయే గడపకు అడ్డుగోడగా నిలిచినది. చదువు అక్కరలేదని ఎవరును చెప్పనక్కరలేకయే స్త్రీ ఇంటిలో ఉండిపోయెడిది.

ఈ గోడలో తలుపు తెరచినది జ్ఞానదానందినీదేవి. ఆమె 1850లో జన్మించెను. భారతీయులలో మొట్టమొదటి ఐ.సి.ఎస్. ఉద్యోగియైన సత్యేంద్రనాథ ఠాకూరు భార్య. 1864లో భర్తతో బొంబాయికి పయనమైనపుడు ఆమెకు పైకి వేసికొనదగిన బట్టయే లేదు. కలకత్తాలోని ఒక ఫ్రెంచి దుకాణమునకు పురమాయించి ఏదో ప్రాచ్యదేశపు వేషమును కుట్టించిరి. దానిని ఒంటరిగా తొడుగుకొనుట ఆమె తరము కాలేదట. ప్రతిసారి భర్త సాయపడవలసి వచ్చెనట. ఠాకూరుల బయటి చావడి దాటి నడచుటకు పెద్దలు సమ్మతింపనందున ఓడరేవు వరకు పల్లకిలో వెళ్ళెను. దేశములోని అత్యున్నత పరీక్షలో నెగ్గినవాని ఇల్లాలు, తన ఇంటి ముంగిలి దాటుటకు పల్లకి!

బొంబాయిలో పార్సీ స్త్రీలు లంగాపై చీరకట్టి, చేతుల రవిక తొడిగి, నిస్సంకోచముగా వీధులలో తిరుగుటను ఆమె చూచెను. ఆ కట్టును నేర్చుకొనెను, కాని యథాతథముగా తీసికొనలేదు. పార్సీలు పైటను కుడి భుజముపై వేసెదరు. ఈమె దానిని ఎడమ భుజమునకు మార్చెను. కుడిచేయి పనికి ఖాళీగా ఉండవలెను గదా! ఈ చిన్న మార్పు దగ్గర నేను ఎప్పుడును ఆగిపోవుదును. వేషమును గూర్చి ఆనాడు సభలలో ఉపన్యసించిన పురుషులు తక్కువ కాదు. సభ్యత, జాతీయత, మర్యాద అను మాటలు వారి నోట విరివిగా వినబడెడివి. చేయి ఎట్లు ఆడునను ఆలోచన కట్టుకొను మనిషికి మాత్రమే వచ్చినది.

కలకత్తాకు తిరిగివచ్చిన పిదప ఆమె ఊరకుండలేదు. 1863 నుండి స్త్రీలకొరకు వెలువడుచుండిన వామాబోధినీ పత్రికలో, ఈ కట్టు నేర్వగోరువారికి నేర్పుదునని ప్రకటన చేసెను. గవర్నరు జనరలు విందుకు ఒంటరిగా వెళ్ళినపుడు ఆమెను భోపాల్ బేగమని కొందరు పొరబడిరట. ఠాకూరు వంశపు పెద్దయొకడు తమ ఇంటి కోడలిని అక్కడ చూచి సిగ్గుతో లేచిపోయెనని చెప్పుకొందురు. కాని కొలది ఏండ్లలోనే ఈ వేషమునకు బ్రాహ్మికా చీరయని పేరు వచ్చెను. చదువుకొను యువతులు ధరించుటచే అది చదువునకే గుర్తయ్యెను. 1883లో బెత్యూన్ కళాశాలనుండి కాదంబినీ బసు, చంద్రముఖీ బసు బి.ఏ. పట్టభద్రులగు నాటికి, స్త్రీ బయటికి రాదగిన బట్ట ఒకటి వంగదేశమున స్థిరపడియుండెను.

ఇచట పురుషుని మాట కూడ ఒకటి చెప్పవలెను. బెత్యూన్ పాఠశాలకు కార్యదర్శిగా నుండిన ఈశ్వరచంద్ర విద్యాసాగరుడు జీవితమంతయు ధోవతి, ఉత్తరీయము, చెప్పులతోనే గడపెను. 1874లో కలకత్తా మ్యూజియముకు పోగా, దేశవాళీ చెప్పులతో లోనికి రారాదని ద్వారపాలకుడు అడ్డగించెను. బూట్లవారికి ఆటంకము లేదు. విద్యాసాగరుడు వెనుదిరిగి అధికారులకు ఘాటుగా లేఖ వ్రాసెను. పత్రికలలో గగ్గోలు చెలరేగెను. అన్యాయము నిజమే. ఐనను అతడు తన పేరుతో లేఖ వ్రాయగలిగెను, తన చెప్పులను తాను మార్చక నిలువగలిగెను. అతడు నడిపిన బడిలోని బాలికకు తన వస్త్రమును గూర్చి ఎవరికి లేఖ వ్రాయు వీలుండెను?

మహమ్మదీయ బాలిక దారి ఇంకను ఇరుకు. రొకేయా సఖావత్ హుసేన్ భాగల్పూరులో ప్రారంభించిన బడిని వదలుకొని, 1911 మార్చి 16న కలకత్తాలో ఎనిమిదిమంది పిల్లలతో మరల ప్రారంభించెను. (పురుషులు పరదాలో ఉండి స్త్రీలు రాజ్యమేలు ఆమె ఊహాకథ సుల్తానాస్ డ్రీమ్ 1905లో వెలువడినది మద్రాసులోని ఇండియన్ లేడీస్ మేగజైన్‌లో, ఆ పత్రిక సంపాదకురాలు కమలా సత్యనాథన్ తెలుగింటి ఆడపడుచు.) ఇంటినుండి బడికి పిల్లలను మూసిన బండిలో తేవలసి యుండెను. 1931 నాటి అవరోధవాసిని గ్రంథపు చివర ఆమె ఆ బండి కథ చెప్పినది. గాలి చొరనంత గట్టిగా మూసిన మోటారు బండిలో పిల్లలు వాంతులు చేసికొనిరి, కొందరు మూర్ఛిల్లిరి. తల్లుల మొరపై కిటికీల రేకులు తీయించి తెరలు కట్టించెను. వెంటనే పెద్దమనుష్యుల ఉత్తరములు వచ్చిపడెను: గాలికి తెరలు ఎగిరి బాలికలు కనబడుచున్నారు, సరిచేయనిచో పత్రికల కెక్కింతుమని. ఒకవైపు ఊపిరాడని పిల్ల, ఒకవైపు పరువుపోయిన పెద్ద. నడుమ ఒక బట్టముక్క. ఆమె ఆ రెండింటికి నడుమ నలిగియు బడిని మూయలేదు.

తరువాతి కథ నాకు మరింత బాధాకరముగా తోచును. విడుదలకై పుట్టిన బ్రాహ్మికా చీర ఇరువదవ శతాబ్దమున బడి శాసనమయ్యెను. వంగభాషా మాధ్యమ పాఠశాలలు అనేకములలో చిన్న తరగతుల పిల్లకు ఫ్రాకో స్కర్టో, పై తరగతులకు రాగానే రంగు అంచు తెల్లచీర. తోడి బాలుడు నిక్కరునుండి ప్యాంటుకు మారెను. అది నడకను మార్చునది కాదు. బాలికకు మాత్రము పరుగు ఆగిపోయెను. ఉపాధ్యాయినులకు కూడ చీర తప్ప మరొకటి తగదని పట్టుపట్టిన బడులు చాల కాలముండెను; సల్వార్ కమీజు కావలెనని వారు వాదింపవలసి వచ్చెను. ఒకనాడు కుడిచేయి ఖాళీగా ఉండుటకై ఎడమ భుజమున వేసిన పైట, ఎవరి సౌకర్యమో మరచిన పిదప ఉత్త విధిగా మిగిలెను. జ్ఞానదానందినీదేవి నేర్పినది ఒక కట్టు. తరువాతివారు దాచుకొన్నది ఆ కట్టును మాత్రమే, దాని వెనుకనున్న ప్రశ్నను కాదు.

2015 నుండి పశ్చిమ వంగ ప్రభుత్వము సబుజ్ సాథీ పథకము క్రింద తొమ్మిది నుండి పండ్రెండవ తరగతి వరకు చదువు విద్యార్థులకు సైకిళ్ళు ఇచ్చుచున్నది. బాలికకు సైకిలును, చీరను ఒకే బడి ఒకేసారి విధించిన తావులు లేకపోలేదు. గొలుసులో చిక్కకుండ కుచ్చెళ్ళను ఎత్తి పట్టుకొని త్రొక్కువారిని చూచినవారికి నేను వివరింప బనిలేదు.

2022లో ఆ ప్రభుత్వమే తన పాఠశాలలకెల్ల నీలము, తెలుపు రంగుల దుస్తులను నిర్ణయించెను. వానిని కుట్టు పని స్వయంసహాయక సంఘముల స్త్రీలకు అప్పగించెను. బాలురకు తెల్ల చొక్కా, నీలపు ప్యాంటు. ఆరునుండి ఎనిమిదవ తరగతి బాలికలకు సల్వార్, కమీజు, దానిపై దుపట్టా. దుమారము రేగినది; ప్రాచీన పాఠశాలల రంగులు పోవుచున్నవనియు, జేబుపై ప్రభుత్వ చిహ్నమెందుకనియు. పదకొండేండ్ల పిల్ల భుజములపై అదనపు గుడ్డ ఎందుకను ప్రశ్న చాల తక్కువగా వినబడెను. అప్పటికే కేరళలో ఎర్నాకుళము జిల్లా వలయన్‌చిరంగర ప్రాథమిక పాఠశాల 2018లో బాలబాలికలందరికి మోకాలు దాటిన నిక్కరు, చొక్కా ఇచ్చియుండెను. 2021లో బాలుశ్శేరి ఉన్నత పాఠశాల బాలికలు ప్యాంటు, చొక్కాలకు మారిరి. అక్కడ నిరసన ఊరేగింపులు కూడ జరిగెను.

మా ఊరి బడిలో ఎనిమిదవ తరగతినుండి ఓణీ తప్పనిసరి. ఖోఖో ఆటకు ముందు ఒకరి ఓణీకి ఒకరము పిన్నీసులు పెట్టుకొనెడివారము. ఆట ముగియుసరికి రెండో మూడో ఊడి, భుజమున గీరుకొని ఉండెడివి. కలకత్తా బాలికలు నేడు దుపట్టాను మడతలు పెట్టి రెండు భుజములపైనను పిన్నీసులతో బిగించుకొనుచున్నారు. ఆటల గంట కొట్టగానే ముందుగా చేయు పని వానిని విప్పుట.