వెనక బండికి కరెంటెవరిస్తారు? రైలు పెట్టె నుంచి మా బాబాయి ట్రాలీ దాకా

ఈ ఎపిసోడ్ ఒక ఫోన్ కాల్‌తో మొదలైంది. పోయిన ఎండాకాలంలో ఒకరోజు పొద్దున్నే టెక్సాస్ నుంచి మా బావ కాల్ చేశాడు. మేనత్త కొడుకు, నాకన్నా ఎనిమిదేళ్ళు పెద్ద. "ఒరేయ్, నువ్వు ఇంజనీరువేగా, కారు స్టార్టవట్లేదురా, ఏం చెయ్యాలో చెప్పు" అన్నాడు. నేను చదివింది బీటెక్ కంప్యూటర్స్, ఉద్యోగంలో రాసింది జావా. అయినా మనవాళ్ళ లెక్కలో ఇంజనీరంటే సీలింగ్ ఫ్యాన్ నుంచి రాకెట్ దాకా అన్నీ తెలిసుండాలి.

సంగతేంటంటే, బావావాళ్ళు మోటార్‌హోమ్ అద్దెకి తీసుకుని పిల్లలతో టూర్‌కెళ్ళారు. బస్సంత బండి, లోపలే మంచం, స్టవ్, బాత్రూమ్. దాని వెనక ఇనప బార్‌తో తమ కారుని కట్టుకున్నారు. నాలుగు చక్రాలూ రోడ్డు మీదే, డ్రైవర్ లేడు, ఇంజను ఆఫ్. క్యాంపులో పెద్ద బండి ఆపేసి, చుట్టుపక్కల తిరగడానికి ఈ కారు. పొద్దున్నుంచి లాక్కుంటూ వచ్చి, రాత్రికి కారు విప్పి తాళం తిప్పితే టిక్ టిక్ అని ఊరుకుంది.

కారు అసలు నడవలేదు కదా, బ్యాటరీ ఎలా అయిపోయింది? బావ డౌటు అదే. నాదీ అదే. సరే అని మా నందిగామలో పాత హైవే పక్కన బ్యాటరీ షాపు పెట్టుకున్న పెద్దాయన దగ్గరికెళ్ళా. ముప్ఫై ఏళ్ళుగా లారీల బ్యాటరీలు చూస్తున్నాడు. మోటార్‌హోమ్ ఎప్పుడూ చూళ్ళేదు. ఫోన్లో ఫోటో చూపించి విషయం చెప్తే, ఒక్కటే అడిగాడు: "స్టీరింగ్ తిరగాలిగా బాబూ, తాళం ఏ పాయింట్లో పెట్టారు?"

అక్కడే ఉంది అసలు కథ. లాక్కెళ్ళేటప్పుడు స్టీరింగ్ లాక్ పడకూడదని చాలా కార్లలో తాళం ఒక పాయింట్ తిప్పి వదలాలి. దాంతో లోపలి ఎలక్ట్రానిక్స్ కొన్ని మేలుకునే ఉంటాయి. పైగా ముందు బండి బ్రేకేస్తే వెనక కారు కూడా బ్రేకెయ్యాలని కారులో ఇంకో పరికరం పెడతారు, అదీ బ్యాటరీనే తాగుతుంది. సగటున 5 ఆంపియర్లు అనుకోండి. 45 ఆంపియర్-అవర్ బ్యాటరీ 9 గంటల్లో ఖాళీ. స్టార్టర్ తిప్పే శక్తయితే అంతకన్నా చాలా ముందే పోతుంది. ఇంజను తిరగట్లేదు కాబట్టి తిరిగి నింపేవాడు లేడు.

అంటే ప్రశ్న ఏంటి? ముందు బండి లాగుతోంది, వెనక బండికి కరెంటు కావాలి. ఎవరివ్వాలి? ఈ ప్రశ్నకి నూట ముప్ఫై ఏళ్ళ వయసుంది ఫ్రెండ్స్. ముందు దీనికి జవాబు వెతికింది కార్లవాళ్ళు కాదు, రైళ్ళవాళ్ళు.

రైలు పెట్టె అంటే ఏంటి, లాక్కెళ్ళే బండే కదా. స్టీమ్ ఇంజను దగ్గర ఆవిరుంది, కరెంటు లేదు. పెట్టెల్లో మొదట నూనె దీపాలు, తర్వాత గ్యాసు దీపాలు. 1859లో ఫ్రాన్సులో గాస్టన్ ప్లాంటే సీసం పలకలు, యాసిడ్‌తో తిరిగి చార్జ్ చేసుకునే బ్యాటరీ చేశాక దారి దొరికింది. 1890ల్లో లండన్‌లోని జె. స్టోన్ కంపెనీ ఒక పద్ధతి తెచ్చింది: పెట్టె కిందే డైనమో, చక్రాల ఇరుసు నుంచి దానికో బెల్టు. పెట్టె కదిలితే డైనమో తిరుగుతుంది, బ్యాటరీ నిండుతుంది. ఇంజనుని ఒక్క వోల్టు కూడా అడగక్కర్లేదు. మన దేశంలోనూ పెట్టెలు ఇదే దారిలో నడిచాయి. తర్వాత డైనమో పోయి ఆల్టర్నేటర్ వచ్చింది, 110 వోల్టులయింది, కానీ ఐడియా మారలేదు.

నందిగామకి రైలు లేదు. చిన్నప్పుడు మధిర వెళ్ళి ప్యాసింజర్ ఎక్కేవాళ్ళం. ప్రతి స్టేషన్లో ఆగేది, సిగ్నల్ దగ్గరా ఆగేది. ఆగి కాసేపైతే లైటు ఎర్రబడేది, ఫ్యాను మూలుగుతున్నట్టు తిరిగేది. రైల్వేవాళ్ళు పట్టించుకోరని మా నాన్న తిట్టేవాడు. ఇప్పుడర్థమైంది, కొంత స్పీడు అందుకుంటేగానీ కింద ఉన్న యంత్రం చార్జింగ్ మొదలెట్టదు. అన్నిచోట్లా ఆగే బండికి తినేది ఎక్కువ, నిండేది తక్కువ. పాపం, అది కూడా బావ కారే.

ఏసీలు పెరిగాక రైల్వే ఇంకో దారి కూడా పట్టింది. రాజధాని లాంటి బండ్లకి చివర డీజిల్ జనరేటర్ పెట్టెలు తగిలించి, కేబుళ్ళతో అన్ని పెట్టెలకీ పంపింది. ఆ తర్వాత పైనున్న కరెంటు తీగ నుంచి ఇంజనే తీసుకుని అందరికీ పంచుతోంది. సొంతంగా తయారుచేసుకోవడం, లేదా ముందువాడు ఇవ్వడం. ఈ రెండే దారులు. బావ కారు మీద సోలార్ పలక పెడితే మొదటిది, మోటార్‌హోమ్ నుంచి వైరు లాగితే రెండోది.

మరి మోటార్‌హోమ్ అమెరికావాళ్ళదేనా? మనం చూడలేదా? 2022 ఏప్రిల్ నుంచి నందిగామ, జగ్గయ్యపేట ఎన్టీఆర్ జిల్లాలో ఉన్నాయి. ఆయన పుట్టిన నిమ్మకూరు మాత్రం కృష్ణా జిల్లాలోనే ఉంది, అది వేరే కథ. 1982 మార్చి 29న పార్టీ పెట్టాక ఎన్టీఆర్ పాత షెవర్లే వ్యాన్‌ని మార్పించి చైతన్యరథం చేయించారు. కొడుకు హరికృష్ణ డ్రైవింగ్. ప్రయాణం అందులోనే, విశ్రాంతి అందులోనే, పైకెక్కితే స్టేజీ. 1983 జనవరిలో ఆయన ముఖ్యమంత్రయ్యారు. మనవాళ్ళందరూ రాజకీయమే చూస్తారు, నేను ఎలక్ట్రికల్ కోణంలో చూస్తా. బండి ఆపి గంటసేపు మైకు, లైట్లు నడపడమంటే తాగేదే తప్ప నింపేది ఉండదు. ఆ రోజుల్లో మైక్‌సెట్ వాళ్ళకి, ప్రచారం జీపులకి ఇదే తలనొప్పి.

ఇప్పుడు కారు సంగతి. 1912 క్యాడిలాక్‌లో చార్లెస్ కెటరింగ్ తయారుచేసిన సెల్ఫ్ స్టార్టర్ వచ్చింది. అంతకుముందు ముందుకెళ్ళి హ్యాండిల్ తిప్పాలి, అది ఎదురు తన్నితే చెయ్యి విరిగేది. సెల్ఫ్ వచ్చాక బ్యాటరీ లేనిదే బండి లేదు. నింపడానికి డైనమో. కానీ ఇంజను నెమ్మదిస్తే డైనమో వోల్టేజీ పడిపోయి, కరెంటు బ్యాటరీ నుంచి డైనమోలోకి వెనక్కి పారుతుంది. దాన్ని ఆపడానికి ఒక రిలే ఉండేది. పాత అంబాసిడర్ల మీద పనిచేసిన మెకానిక్‌ని అడగండి, "కటౌట్" అంటాడు. సినిమా హాలు ముందు పెట్టేది కాదు! 1960 నుంచి క్రైస్లర్ కార్లలో ఆల్టర్నేటర్ మొదలైంది, లోపల సిలికాన్ డయోడ్లు. డయోడ్ ఒకవైపే పోనిస్తుంది, దాంతో కటౌట్‌కి పని పోయింది.

బావకి కావాల్సింది ఆ పాత కటౌట్ చేసిన పనే. మోటార్‌హోమ్ నుంచి కారుకి చార్జింగ్ వైరు, మధ్యలో ఒకవైపే పోనిచ్చేది, రెండు చివర్లా ఫ్యూజు. లేకపోతే రాత్రి క్యాంపులో మోటార్‌హోమ్ లైట్లు కారు బ్యాటరీని కూడా తాగేస్తాయి. ఇక్కడ ఒక లెక్క ఉంది. వైరు పోను 14, రాను 14, మొత్తం 28 మీటర్లు అనుకుందాం. 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరయితే సుమారు 0.12 ఓములు. 10 ఆంపియర్లు పోతే దారిలోనే 1.2 వోల్టులు మాయం. ముందు 14.2 ఉంటే కారు దగ్గర 13. మామూలు సిలికాన్ డయోడ్ పెడితే ఇంకో 0.7 పోతుంది. అందుకే ఇప్పుడు కారు చివర డీసీ-డీసీ చార్జర్ పెడుతున్నారు, తక్కువ వచ్చినా పెంచి ఇస్తుంది. బావకి అదే చెప్పా. "సరే గానీ, ఇవాళ రాత్రికేం చెయ్యాలి?" అన్నాడు. పక్క క్యాంపువాళ్ళని జంపర్ కేబుల్ అడగమన్నా.

ఈ లెక్కంతా షాపు పెద్దాయనకి చూపిస్తే, ఆయన నవ్వి, "ఇదంతా అమెరికాకెందుకు, మీ బాబాయి ట్రాలీకి వెనక లైటుందా?" అన్నాడు.

నోట మాట రాలేదు.

మాది మెట్ట ప్రాంతం. పత్తి, మిర్చి ట్రాలీలన్నీ ఈ హైవే మీదే పోవాలి. 2010 దాకా దీని పేరు 9, ఇప్పుడు 65. నాలుగు లైన్లయ్యాక కార్లు వంద మీద పోతాయి, ట్రాక్టర్ ఇరవై ముప్ఫై మీద పోతుంది. నేను ఇంటర్లో ఉండగా ఒక రాత్రి జగ్గయ్యపేట దగ్గర మిర్చి ట్రాలీని వెనకనుంచి లారీ గుద్దేసింది. బాబాయికి తుంటి విరిగింది, ఇప్పటికీ కుంటుతాడు. ట్రాక్టర్‌కి బ్యాటరీ ఉంది, లైట్లున్నాయి. ట్రాలీకి ఏమీ లేదు. వెనక ఎర్ర లైట్లు, రిఫ్లెక్టర్లు ఉండాలని 1989 కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లోనే ఉంది. మేం లారీవాణ్ణే తిట్టాం, ఏళ్ళ తరబడి. తొందరపాటు వాడిది కావచ్చు. కానీ వెనక బండికి వైరు లాగనిది మేము. అన్నేళ్ళలో ఇంట్లో ఇంజనీరు కూడా ఉన్నాడు.

ట్రాలీ విప్పి తగిలించేటప్పుడు వైరు తెగిపోతుందని మావాళ్ళు ఎప్పుడూ చెప్పే మాట. నిజమే, ఇరుసు రైతుది, ట్రాలీ ఇంకొకళ్ళది అయినప్పుడు సాకెట్లు కలవవు కూడా. పెద్దాయన దానికి ఏడు పిన్నుల సాకెట్ ఇచ్చాడు, లాగితే తెగకుండా ఊడొచ్చేది. లారీ లైట్లు, గొట్టంలో వైరు, రెండు ఎర్ర రిఫ్లెక్టర్లు. ఎల్‌ఈడీలు కాబట్టి ట్రాక్టర్ బ్యాటరీకి బరువే కాదు. సాయంత్రం దాకా నేనూ, ఆయన దగ్గర పనిచేసే కుర్రాడూ ట్రాలీ కింద పడుకుని బిగించాం. ఎర్త్ కోసం తుప్పు గీకడానికే గంట పట్టింది.

చీకటి పడ్డాక బాబాయి కర్ర పట్టుకుని ట్రాలీ వెనక్కెళ్ళి నించున్నాడు. "బ్రేకు తొక్కరా" అన్నాడు. తొక్కా. కాసేపు ఏమీ మాట్లాడలేదు.

"ఇంకోసారి తొక్కు" అన్నాడు.