టీకాల లెక్కా, రోగుల లెక్కా?

శ్రోతల గృహములలో అరువది యేండ్లు దాటిన పెద్దలున్నచో వారి చేతి నొకమారు పరికింపుడు. ముంజేతిపైననో జబ్బపైననో గుండ్రని మచ్చ యొకటి కానవచ్చును. అది మశూచికమునకు వేసిన టీకా గురుతు. నలుబదులలో నున్న మా తరమువారికి ఆ మచ్చ లేదు. మాకున్నది క్షయకు వేసిన బి.సి.జి. మచ్చయే. ఒక తరమునకు తప్పనిసరియైనది తరువాతి తరమునకు అనవసర మెట్లయ్యెను? మంచి మందు దొరకుటచే రోగము పోయినదని మనము సాధారణముగా అనుకొందుము. మందు మంచిదే. కాని యది 1802 నుండియు మన దేశమున నున్నది. ఆ యేట జూన్ 14వ తేదీన బొంబాయిలో మూడేండ్ల బాలిక కొకతెకు తొలి టీకా వేసిరి. రోగము మన దేశమును విడిచినది 1975లో. నడుమ 173 ఏండ్లు గడచెను. ఇంతకాలము లోపించినదేమో విచారించుటకే ఈ ప్రసంగము.

మశూచికమును మన పల్లెలలో పేరుపెట్టి పిలిచెడివారు కారు. ‘అమ్మవారు పోసినది’ అనెడివారు. ఆటలమ్మ చిన్నమ్మవారు, మశూచికము పెద్దమ్మవారు. గుమ్మమునకు వేపమండలు కట్టి, రోగిని వేపాకులపై పరుండబెట్టి, పోలేరమ్మకు మ్రొక్కుకొనెడివారు. ఆ భయము అకారణము కాదు. టీకా లేనివారికి సోకినచో నలుగురైదుగురిలో ఒకరు మరణించుట సాధారణము. బ్రతికినవారిలో కొందరికి కన్నులు పోయెడివి. అట్లని టీకాలవాడు ఊరిలోనికి వచ్చినప్పుడు స్వాగతము లభించెనా? లేదు. పళ్ళచక్రము వంటి పరికరమును చర్మముపై నదిమి త్రిప్పెడివారు. పుండు పడి, జ్వరము వచ్చి, వారము దినములు బిడ్డ యేడ్చెడిది. అందుచే తల్లులు చంటిపిల్లలను దాచెడివారు. వారిని మూఢులనుట సులభము. ఏడ్చు బిడ్డను చంకనిడుకొని కూలికి పోవలసిన తల్లి కష్టము మాత్రము లెక్కలలో కెక్కలేదు.

1958లో మినియాపొలిస్ నగరమున జరిగిన ప్రపంచ ఆరోగ్య మహాసభలో సోవియట్ ప్రతినిధి విక్టర్ జ్దానొవ్ మశూచికమును భూమిపై లేకుండ జేయవచ్చునని ప్రతిపాదించెను. మరుసటి యేడు సభ దానిని తీర్మానించెను. మన ప్రభుత్వము 1962లో జాతీయ మశూచి నిర్మూలన కార్యక్రమమును ప్రారంభించినది. దాని సూత్రము సరళము: మూడేండ్లలో జనాభాలో నూటికి 80 మందికి టీకా వేసినచో రోగము తానే అణగిపోవును. 1966 చివరకు దస్తరములలోని టీకాల సంఖ్య ఇంచుమించు దేశ జనసంఖ్యతో సరితూగెను. అయినను 1967లో దేశమున 84,902 కేసులు నమోదైనవి. నమోదు కానివి ఎన్నియో!

ఈ వింతకు కారణము లెక్కలోనే యున్నది. ఇన్ని టీకాలు వేయవలెనని పై నుండి ఉత్తరువు వచ్చును. టీకాల ఉద్యోగి ఏమి చేయును? బడికి పోవును. అక్కడ పిల్లలు వరుసగా నిలిచియుందురు. నిరుడు వేసినవారికే ఈ యేడును వేయవచ్చును. లెక్క నిండును. ఇంటిలోని పసికందు, ఊరి వెలుపలి గుడిసెలోని కూలీ, ఋతువుతో పాటు ఊళ్ళు మారు సంచారి ఎప్పటివలెనే మిగిలిపోవుదురు. రోగము తిరుగునది వారి నడుమనే. నూటికి 80 అను మాట కాగితముపై నిండుగా నున్నను, మిగిలిన 20 మంది దేశమంతట సమముగా చెదరియుండరు, ఒక్కచోట గుమికూడియుందురు. ఈ ఉద్యోగులను మేము నిందింపము. టీకాలెన్నని అడిగినవారికి వారు టీకాలనే చూపిరి. మీ తాలూకాలో రోగులెందరని అడిగినవారు అరుదు. ఎవరైన నిజము వ్రాసి పంపినచో మెప్పుకు బదులు మందలింపు దక్కెడిది.

మందులోను లోపముండెను. ద్రవరూపమున నుండు పాత మందు మన యెండలకు సత్తువ కోల్పోయెడిది. క్రమముగా దానికి మారు గడ్డకట్టించి ఎండబెట్టిన పొడి మందు వచ్చినది. తొలుత సోవియట్ యూనియన్ దానిని విరాళముగా నిచ్చెను. తరువాత మన దేశమున నాలుగు సంస్థలు తయారు చేసినవి: గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్, బెల్గాం, పట్వాడంగర్ సంస్థలు, మన హైదరాబాదు నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్. రెండు మొనల సూది రాగానే పళ్ళచక్రము మూలబడెను. దక్షిణ రాష్ట్రములు 1970 దశకారంభమునకే ఇంచుమించు విముక్తములైనవి. గంగామైదానమున మాత్రము మందు మారినను రోగము మారలేదు.

మార్గము తోచినది మరియొక ఖండమున. 1966 డిసెంబరులో తూర్పు నైజీరియాలో విలియం ఫోగీ అను అమెరికను వైద్యునికి ఒక పల్లెలో మశూచికము పొడసూపినట్లు తెలిసెను. అతని యొద్ద అందరికి చాలినంత మందు లేదు. క్రొత్తది వచ్చుటకు వ్యవధి పట్టును. రేడియోలో పనిచేయువారమగుటచే తరువాతి ఘట్టము మాకు మిక్కిలి ప్రియమైనది. ఆ ప్రాంతపు క్రైస్తవ మిషనరీలు ప్రతిరాత్రి నియమిత సమయమున రేడియో యంత్రములపై పరస్పరము మాటలాడుకొనెడివారు. ఫోగీ వారికి పటములోని భాగములను పంచి, మీ మీ పల్లెలకు మనుష్యులను పంపి రోగమున్నదో లేదో విచారింపుడని కోరెను. మరునాటి రాత్రికి సమాధానములు వచ్చెను. ఉన్న కొద్ది మందును రోగమున్న పల్లెలకు, అది ప్రాకగల సంతలకు మాత్రమే వినియోగించిరి. కొన్ని నెలలలో ఆ ప్రాంతమున రోగము నిలిచిపోయెను, జనులలో చాలమందికి ఆ విడత టీకా వేయకుండగనే.

ఇది ఇంద్రజాలము కాదు. మశూచికము మనుష్యుని విడిచి జంతువులలో దాగదు. సోకిన పిమ్మట పండ్రెండు దినములకు గాని సాధారణముగా బయటపడదు; బయటపడినచో ముఖముపైనే కనబడును. సోకిన మూడునాలుగు దినములలో టీకా వేసినను చాలవరకు కాపాడును. కనుక రోగిని కనిపెట్టి, చుట్టునున్నవారికి కంచె కట్టినచో రోగమునకు పోవుటకు దారి యుండదు.

1973లో ఫోగీ మన దేశమునకు వచ్చెను. నికోల్ గ్రాసే అను ఫ్రెంచి వైద్యురాలు, మన పక్షమున ఎం.ఐ.డి. శర్మ, మహేంద్ర దత్త మొదలగువారు కలిసి ప్రణాళికను తలక్రిందు చేసిరి. ఉత్తరప్రదేశ్, బీహార్, పశ్చిమ బెంగాల్, మధ్యప్రదేశ్ రాష్ట్రములలో ప్రాథమిక ఆరోగ్యకేంద్రముల సిబ్బంది నెలకొక వారము ఇతర పనులు మాని, రోగిష్టి బిడ్డ చిత్రమున్న అట్టను చేతబట్టి ఊరూర తిరుగవలెను. ‘ఇట్టి రోగము ఎక్కడైన చూచితిరా?’ — ఇదియే ప్రశ్న. తిరిగినవారు నిజముగా తిరిగిరా యని వెనుక మరియొకరు పోయి కొన్ని ఊళ్ళలో విచారించుట మరియొక యేర్పాటు. అక్టోబరులో తొలి అన్వేషణమున ఉత్తరప్రదేశ్, బీహార్ రెండింటనే దాదాపు 10,000 కేసులు బయటపడెను. అంతకుముందు వారపు నివేదికలలో వందలే యుండెడివి. పదిలోపు అంకెలు వ్రాసి నిశ్చింతగా నిద్రించిన జిల్లాలెన్నో!

దీపము వెలిగించినంతనే ఇంటిలోని చెత్త కనబడినట్లు, లెక్క పెరుగుట చూచి పెద్దలు బెదరిరి. 1974 మే నెలలో బీహారులో ఒక్క వారమున 8,000కు పైగా కేసులు తేలెను. అదే నెల 18న పోఖ్రాన్‌లో అణుపరీక్ష జరిగెను. విదేశ పత్రికలు ఈ రెండింటిని ప్రక్కప్రక్కన పెట్టి మనలను ఎత్తిపొడిచినవి. ఇక అన్వేషణము మాని అందరికి టీకాలు వేయుడని రాష్ట్ర మంత్రి నిశ్చయించెను. ఆ సభలో ఒక యువవైద్యుడు లేచి, తమ పల్లెలో ఇల్లు అంటుకొన్నచో నీళ్ళు ఆ యింటిపైననే పోయుదురని నిదానముగా చెప్పెనని ఫోగీ తన జ్ఞాపకములలో వ్రాసెను. మంత్రి మరియొక నెల గడువిచ్చెను. ఆ గడువు లభింపనిచో ఏమగునో యోచించుటకే మాకు వెరపు. ఆ యేడు దేశమున 1,88,000 కేసులు, 31,000కు పైగా మరణములు నమోదైనవి.

గడువులోనే రోగము తగ్గుముఖము పట్టెను. రోగియున్న ఇంటివాకిట కావలివారు రాత్రింబవళ్ళు వంతులుగా కూర్చుండిరి. వచ్చిన ప్రతి చుట్టమునకు గడపలోనే టీకా వేసిరి. ఇంటివారు పనికి పోలేరు గనుక వారికి గ్రాసమును సమకూర్చిరి. టీకా యెంత ముఖ్యమో ఆ బియ్యమును అంత ముఖ్యమని మా యభిప్రాయము. 1975 మే 17న బీహారులోని కటిహార్ జిల్లాలో మన గడ్డపై పుట్టిన చివరి కేసు, మే 24న అస్సాములోని కరీంగంజ్‌లో బంగ్లాదేశము నుండి వచ్చిన ఒక స్త్రీ కేసు తుదివి.

ఈ మార్గము అన్ని రోగములకు చెల్లదు. పోలియో వైరసు సోకిన దాదాపు 200 మందిలో ఒక్కనికే అవయవము చచ్చుబడును. మిగిలినవారు ఆడుకొనుచునే రోగమును వ్యాపింపజేయుదురు. కంచె కట్టుటకు రోగియే కనబడడు. అందుచే 1995 నుండి దేశమంతట ఒకే దినమున చుక్కలు వేయవలసివచ్చెను. కాని అక్కడను పాత పాఠము పనికివచ్చినది. చుక్కలందని బిడ్డయున్న ఇంటి గోడపై సుద్దతో ఎక్స్ గుర్తు వ్రాసి, మరల ఆ యింటికే పోయిరి. చివరి కేసు 2011 జనవరిలో హౌరాలో బయటపడెను.

మశూచికము పోయిన పిమ్మటను అన్వేషణము ఆగలేదు. రోగిని తెలిపినవారికి ఇచ్చు బహుమానము 50 రూపాయల నుండి 100కు, తుదకు 1,000కి పెరిగెను. లక్షకు పైగా కార్యకర్తలు పది కోట్ల ఇండ్ల తలుపులు తట్టిరి. బహుమాన మాశించి ఎందరో పరుగున వచ్చి దద్దురులున్న బిడ్డలను చూపిరి. అన్నియు ఆటలమ్మలే, తట్టులే. 1977 ఏప్రిల్‌లో అంతర్జాతీయ సంఘము వచ్చి దస్తరములు పరిశీలించువరకు ఆ 1,000 రూపాయలకు తగిన రోగి ఎవరును దొరకలేదు.