శ్మశానం అనుకున్నారు, బడి అని తేలింది: టీ కణాల కథ

ఇంటర్‌లో నేను ‘టీ కణాలు, బీ కణాలు’ అని బట్టీపట్టి పరీక్ష రాసేశాను. ఆ ‘టీ’ ఏంటని ఒక్కసారి కూడా అడగలేదు. ఇవాళ దాని కథే చెప్తాను.

ఛాతీ ఎముక వెనక, గుండెకు కాస్త పైన థైమస్ అనే గ్రంథి ఉంటుంది. చిన్నప్పుడు పెద్దగా ఉండి, వయసు పెరిగేకొద్దీ కుంచించుకుపోతుంది. 1950ల దాకా దాన్ని ఎవరూ పెద్దగా లెక్కచేయలేదు. తెల్ల రక్తకణాలు చచ్చిపోయే శ్మశానం అనుకున్నారు. ఘోరం ఏంటంటే, అది పెద్దగా ఉంటే పసిపిల్లలకు ప్రమాదమని భయపడి, అమెరికాలో వేలమంది పిల్లలకు ఎక్స్‌రేలు పెట్టి దాన్ని కుదించారు. వాళ్లలో కొందరికి తర్వాత థైరాయిడ్ క్యాన్సర్ వచ్చింది.

ఇక 1961, లండన్. జాక్ మిల్లర్ అనే 30 ఏళ్ల పరిశోధకుడు ఎలుకల్లో లుకేమియా మీద పనిచేస్తున్నారు. ఆయన చిన్నప్పుడే అక్క క్షయతో చనిపోయింది. ప్రయోగం కోసం ఆయన అప్పుడే పుట్టిన ఎలుక పిల్లలకు థైమస్ తీసేశారు. పెద్ద ఎలుకలకు తీస్తే ఏమీ కాలేదు కదా, వీటికీ కాదనే అనుకోవాలి. కానీ ఇవి చిక్కిపోయి, ఇన్ఫెక్షన్లతో చచ్చిపోయాయి. వేరే రకం ఎలుక చర్మం అతికిస్తే, తిప్పికొట్టకుండా ఉంచేసుకున్నాయి!

వెంటనే అందరూ నమ్మారా? లేదు. నోబెల్ గ్రహీత పీటర్ మెడవార్ కూడా 1963లో, థైమస్‌లోని ఆ కణాలకు పెద్ద ప్రాధాన్యం లేదనే అన్నారు. 1968లో మెల్‌బోర్న్‌లో మిల్లర్, ఆయన విద్యార్థి గ్రాహం మిచెల్ కలిసి ఇంకో సంగతి తేల్చారు. యాంటీబాడీలు తయారుచేసేవి ఎముక మజ్జ నుంచి వచ్చిన కణాలు, వాటికి సాయం చేసేవి థైమస్ నుంచి వచ్చినవి. ‘టీ’ అంటే ఆ థైమసే.

మరి టీ కణం ఎలా పనిచేస్తుంది? ఊరికే కదలదు. డెండ్రిటిక్ కణం క్రిమి ముక్కను తెచ్చి చూపించాలి, ‘ఇది ప్రమాదమే’ అని రెండో సిగ్నల్ కూడా ఇవ్వాలి. రెండూ అందితేనే అది వేల కణాలుగా పెరుగుతుంది. వాటిలో కొన్ని రకాలు వైరస్ సోకిన కణాలను చంపుతాయి, కొన్ని బీ కణాలకు సాయపడతాయి.

తమాషా ఏంటంటే, శ్మశానం అన్న మాట పూర్తిగా తప్పు కాదు. థైమస్‌లో ప్రతి టీ కణానికీ పరీక్ష ఉంటుంది. ఏమీ గుర్తుపట్టలేనివి, మన ఒంటి మీదే తిరగబడేవి ఎక్కువగా అక్కడే చచ్చిపోతాయి. 100లో 95కి పైగా పాస్ కావు. పాత డాక్టర్లకు చచ్చిన కణాలు కనిపించాయి, పాసై బయటికెళ్లినవి కనిపించలేదు.

నేను బట్టీపట్టిన ఒక్క అక్షరం వెనక ఇంత ఉంది. మీరు అలా అడగకుండా వదిలేసిన మాట ఏదైనా ఉంటే కామెంట్‌లో రాయండి. మళ్లీ కలుద్దాం!