వంశము, వాపు, హృద్రోగము

ఒక వంశమున తండ్రియు, తరువాత కుమారుడును హృద్రోగముచే నకాలమరణము నొందిరేని, మనవారు దానిని తలవ్రాత యని తలచి యూరకుందురు. వంశానుగతమైనదెల్ల విధివిహితమే యను నీ నమ్మకమును శాస్త్రచరిత్రము నెదుట నుంచి పరీక్షింప దలంచితిమి.

1856వ సంవత్సరమున జర్మను వైద్యుడు రుడాల్ఫ్ విర్ఖోవ్, ధమనుల గోడలు చెడుట యొక విధమగు శోథమే, అనగా వాపే, యని వ్రాసెను. 1913లో సెయింట్ పీటర్స్‌బర్గున అనిచ్కోవ్, ఖలాతోవ్ అను నిరువురు కుందేళ్ళకు కొలెస్టరాలు తినిపించి, వాని ధమనులలో క్రొవ్వు పేరుకొనుటను చూపిరి. తరువాత చాలకాలము పండితుల దృష్టి క్రొవ్వుపైననే యధికముగా నిలిచినది.

1930లో న్యూయార్కునందలి రాక్‌ఫెల్లరు సంస్థలో టిల్లెట్, ఫ్రాన్సిస్ అను వైద్యులు న్యుమోనియా రోగుల రక్తమున నొక క్రొత్త పదార్థమును కనుగొనిరి. దానికే తరువాత సి-రియాక్టివ్ ప్రోటీన్ అని పేరు వచ్చెను. దేహమున వాపు పుట్టినప్పుడు కాలేయము దీనిని విశేషముగా తయారుచేయును. 1997లో అమెరికాలో రిడ్కర్ మొదలగువారు, ఈ ప్రోటీన్ మిక్కిలి హెచ్చుగా నున్న నాలుగవవంతు పురుషులకు, మిక్కిలి తక్కువగా నున్న నాలుగవవంతు వారికంటె గుండెపోటు ఇంచుమించు మూడురెట్లు సంభవించినట్లు ప్రకటించిరి.

అంతట నిదియే దోషి యని పలువురు తలచిరి. నిప్పులేనిదే పొగ రాదనుట నిజమే. కాని యింటిని కాల్చునది నిప్పు గాని పొగ గాదు. ఈ రెంటిని వేఱుచేయుట యెట్లు?

ఇచ్చట వంశలక్షణమే సాక్షిగా నిలిచినది. కొందఱికి పుట్టుకతోడనే యీ ప్రోటీన్ హెచ్చుగా నుండునట్లు చేయు జన్యుభేదములు కలవు. అవి పొగాకువలన గాని తిండివలన గాని వచ్చినవి కావు. ప్రోటీనే రోగకారణమైనచో, అట్టివారికి హృద్రోగమును హెచ్చుగా రావలెను. 2008లో డెన్మార్కు పరిశోధకులు వేలకొలది జనులను పరీక్షించి, ఆ భేదములచే ప్రోటీన్ 64 శాతము వఱకు హెచ్చినను హృద్రోగము హెచ్చలేదని తేల్చిరి. ప్రోటీన్ పొగయే యని దీనివలన స్పష్టమైనది.

మఱి నిప్పెక్కడ? కాలేయమునకు వాపు సందేశమును కొనిపోవునది ఇంటర్‌ల్యూకిన్-6 అను పదార్థము. 2012లో 82 పరిశోధనలను కూర్చి చూడగా, ఆ సందేశమును గ్రహించు జన్యువునందలి యొక భేదము, తల్లినుండి గాని తండ్రినుండి గాని సంక్రమించిన ఒక్కొక్క ప్రతికి, హృద్రోగభయమును 3.4 శాతము తగ్గించుచున్నట్లు తెలిసెను. 2017లో, పూర్వము గుండెపోటు వచ్చిన 10,061 మందిపై జరిగిన పరీక్షలో, దానికి పైమెట్టున నుండు ఇంటర్‌ల్యూకిన్-1 బీటాను అణచు కనకినుమాబ్ అను మందు, 150 మిల్లీగ్రాముల మోతాదున, గుండెపోటు, పక్షవాతము, హృద్రోగమరణము అను మూటిని కలిపి 15 శాతము తగ్గించెను. కాని యా మందు వాడినవారిలో అంటురోగములచేత మరణములు హెచ్చెను. వాపు దేహమునకు కావలివాడును అగుటచే, దానిని అణచుటకు మూల్యము చెల్లింపక తప్పలేదు.

కావున వంశము విధి కాదు. ఇట్టి భేదమొక్కటి మార్చునది నూటికి మూడు నాలుగు పాళ్ళు మాత్రమే. కొన్ని కుటుంబములలో పుట్టుకతోడనే కొలెస్టరాలు మిక్కిలి హెచ్చుగా నుండు వ్యాధి కలదు. అది ప్రబలమైనదే, కాని దానికిని నేడు మందులు కలవు. తండ్రి గుండెజబ్బుతో పోయిన యింట కుమారుడు జాతకము చూపించుకొనుటకు ముందు రక్తపుపోటును, కొలెస్టరాలును పరీక్షింపజేసికొని, చుట్టబీడీలను మానుట మేలని మా విన్నపము.