జంతువుల కంటి ఒత్తిడి కొలత

కంటిగుడ్డు లోపలి ద్రవం గుడ్డు గోడల మీద ఎంత ఒత్తిడి కలిగిస్తోందో కొలిచే పరీక్ష పేరు టోనోమెట్రీ, పరికరం పేరు టోనోమీటర్. చిన్న జంతువుల వైద్యశాలల్లో ఇప్పుడు బాగా వాడుకలో ఉన్నది చేతిలో ఇమిడే రీబౌండ్ టోనోమీటర్. ఫిన్లాండ్‌కు చెందిన ఐకేర్ సంస్థ తయారుచేసే టోనోవెట్ ఈ రకానిదే. ఒత్తిడిని పాదరసం మిల్లీమీటర్లలో చెబుతారు. ఆరోగ్యంగా ఉన్న కుక్కల్లోనూ పిల్లుల్లోనూ అది సుమారు 10 నుంచి 25, గుర్రాల్లో సుమారు 15 నుంచి 30 దాకా ఉంటుంది.

కంటి లోపల సిలియరీ భాగంలో నేత్రోదకం నిరంతరం ఊరుతూ, కంటిపాప గుండా ముందుకు వచ్చి, ఐరిస్, కార్నియా కలిసే మూలలోని సన్నని దారుల్లోంచి బయటికి పోతుంది. ఆ దారులు మూసుకుపోతే ఒత్తిడి పెరుగుతుంది. ఇదే గ్లాకోమా, తెలుగులో నీటికాసుల జబ్బు. కంటి లోపలి పొరలు వాచినప్పుడు, అంటే యువైటిస్‌లో, ద్రవం ఊరడం తగ్గి ఒత్తిడి సాధారణంగా పడిపోతుంది. రెండు జబ్బుల్లోనూ కన్ను ఎర్రబడుతుంది, నీరు కారుతుంది, జంతువు కన్ను తెరవడానికి ఇష్టపడదు. మామూలు కండ్లకలకలోనూ ఎరుపు, నీరు కారడం ఉంటాయి. చూపుతో మాత్రమే వీటిని నమ్మకంగా విడదీయలేం. ఎర్రబడిన కుక్క కన్ను కనబడగానే చుక్కల మందు రాసి పంపేయకుండా ముందు ఒత్తిడి కొలవాలని పశునేత్ర వైద్యులు పట్టుబట్టేది ఇందుకే. ఒత్తిడి ఒక్కసారిగా బాగా పెరిగిన కుక్కలో దృష్టి నాడి, రెటీనా కొన్ని గంటల నుంచి ఒకటి రెండు రోజుల్లోనే కోలుకోలేనంతగా దెబ్బతినవచ్చు. కుక్క తన బాధ చెప్పుకోలేదు. తిండి మానేయడం, ఒక మూల ముడుచుకు పడుకోవడం లాంటివే బయటికి కనిపిస్తాయి.

పరికరాల పరిణామం

నార్వే వైద్యుడు యాల్మార్ షియోట్జ్ 1905లో తెచ్చిన టోనోమీటర్ కార్నియాను బరువుతో నొక్కి, అది ఎంత లోపలికి దిగిందో చూపేది. దాన్ని కంటి మీద నిలువుగా పెట్టాలి కాబట్టి జంతువు ముక్కును ఆకాశం వైపు ఎత్తి పట్టుకోవాల్సి వచ్చేది. అమెరికాలో మెకే, మార్గ్ 1959లో వెల్లడించిన పద్ధతి కార్నియాను కొద్దిమేర చదును చేసి కొలుస్తుంది. కలంలా పట్టుకునే టోనోపెన్ దీని ఆధారంగానే వచ్చింది. దాన్ని వాడే ముందు కంటిలో మత్తు చుక్కలు వేయాలి.

రీబౌండ్ పద్ధతిని 1990ల్లో ఆంటీ కొంటియోలా రూపొందించారు. పరికరంలోని తీగచుట్ట, అయస్కాంత గుణమున్న సన్నని ప్రోబ్‌ను కార్నియా మీదికి విసురుతుంది. దాని కొసన చిన్న ప్లాస్టిక్ గుండు ఉంటుంది. కార్నియాకు తగిలి వెనక్కి వచ్చేటప్పుడు ప్రోబ్ వేగం ఎలా మారిందో అదే తీగచుట్ట పసిగడుతుంది. గట్టిగా గాలి కొట్టిన బంతి చప్పున ఎగిరినట్టే, ఒత్తిడి ఎక్కువున్న కన్ను ప్రోబ్‌ను త్వరగా వెనక్కి తోస్తుంది. తాకిడి ఎంత స్వల్పమంటే మత్తు చుక్కలు అవసరం లేదు. ఆరు కొలతలు తీసుకుని, అన్నిటికంటే ఎక్కువదాన్నీ తక్కువదాన్నీ వదిలేసి మిగిలినవాటి సగటును తెర మీద చూపుతుంది. కార్నియా మందం, వంపు జంతువును బట్టి మారతాయి కనుక ఏ జాతిని పరీక్షిస్తున్నామో ముందే ఎంచుకోవాలి. గుర్రానికి పెట్టిన అమరికతో కుక్కను కొలిస్తే ఆ అంకెను నమ్మలేం. ఎలుకల వంటి ప్రయోగశాల జంతువులకు టోనోల్యాబ్ అనే వేరే నమూనా ఉంది.

పట్టుకోవడంలోనే సగం పని

తప్పుడు రీడింగులు ఎక్కువగా వచ్చేది జంతువును పట్టుకున్న తీరు వల్లే. మెడపట్టీ బిగించి లాగినా, గొంతు దగ్గర అదిమినా రక్తం వెనక్కి ఒత్తి కంటి ఒత్తిడి పెరుగుతుంది. రెప్పలను వేళ్లతో బలంగా విడదీస్తే గుడ్డే నొక్కుకుపోతుంది. పగ్, షీట్జు లాంటి ఉబ్బుకళ్ల కుక్కల్లో ఈ పొరపాటు ఇట్టే జరుగుతుంది. సరైన పద్ధతిలో సహాయకుడు జంతువును కూర్చోబెట్టి దవడ కింద చేయి ఆనించి తలను తిన్నగా నిలుపుతాడు. వైద్యుడు రెప్పలను ఎముక మీదికి మాత్రమే జరుపుతాడు. ప్రోబ్ కార్నియా మధ్య భాగానికి ఎదురుగా, నాలుగు నుంచి ఎనిమిది మిల్లీమీటర్ల దూరంలో, నేలకు సమాంతరంగా ఉండాలి. కొన్ని కొత్త నమూనాలు తప్ప, మిగతావి వంచి పట్టుకుంటే పనిచేయవు.

గుర్రాల సంగతి వేరు. మత్తిచ్చిన గుర్రం తల వేలాడేస్తుంది. తల గుండె కంటే కిందికి దిగితే కంటి ఒత్తిడి పెరుగుతుంది, అందుకని తలను ఆసరా పెట్టి పైకి ఉంచుతారు. రెప్పలు బిగించే బలమైన కండరాన్ని నాడికి ఇంజెక్షన్ ఇచ్చి సడలిస్తారు. మత్తుమందుల్లో జైలజిన్ ఒత్తిడిని తగ్గించవచ్చు, కెటమైన్ పెంచవచ్చు కాబట్టి ఏ మందు ఇచ్చారో అంకె పక్కనే రాసుకోవడం మంచి అలవాటు.

పరీక్షల వరుస కూడా ముఖ్యమే. కన్నీళ్లు కొలిచే షిర్మర్ పరీక్ష మొదట, ఒత్తిడి ఆ తరువాత, కంటిపాప పెద్దదయ్యే చుక్కలు చివర. ఒత్తిడి పెరిగే అవకాశమున్న కంటిలో ఆ చుక్కలు ముందే వేస్తే ప్రమాదం.

అంకెను చదవడం

ఒక్క రీడింగుతో తీర్పు చెప్పకూడదు. కుక్కల్లో ఒత్తిడి ఉదయం కొంత ఎక్కువ, పిల్లుల్లో రాత్రిపూట ఎక్కువ. కార్నియా వాచినా, మచ్చపడినా కొలత మారుతుంది. ఒకే కంటికి టోనోపెన్, టోనోవెట్ వేర్వేరు అంకెలు చూపుతాయి. పిల్లుల్లో ఒత్తిడి ఎక్కువగా ఉన్నప్పుడు టోనోపెన్ తక్కువ చూపడం తెలిసిన విషయమే. అందుకే చికిత్స సాగినంత కాలం ఒకే పరికరంతో, వీలైతే రోజులో ఒకే వేళ కొలవాలి. అంకె హద్దుల్లోనే ఉన్నా రెండు కళ్ల మధ్య తేడా బాగా ఉంటే అనుమానించాలి.

బాసెట్ హౌండ్, అమెరికన్ కాకర్ స్పానియల్, బీగిల్ జాతులు గ్లాకోమాకు పేరుపడ్డవి. వీటిలో పుట్టుకతో వచ్చే లోపం వల్ల జబ్బు వస్తే రెండో కంటికి కూడా వచ్చే అవకాశం ఎక్కువ, తరచు కొన్ని నెలల్లోనే. మొదటి కంటి చూపు పోయినా, బాగున్న కంటికి ముందుజాగ్రత్తగా చుక్కలు మొదలుపెట్టి, దాని ఒత్తిడిని క్రమం తప్పకుండా కొలుస్తూనే ఉండాలి.